తుప్పు తుడువవలదట!

మొన్న ఆదివారమునాడు ఉదయము, నేను అరుగుమీద కూర్చుండి కాఫీ త్రాగుచుండగా, చక్కగా దువ్విన గడ్డము గల యొక యువకుడు గేటు తీసికొని లోనికి వచ్చి, నన్ను కాక, గోడకు చేరవేసియున్న నా సైకిలును తేరిపార జూచి, గర్భగుడి ముందు నిలిచిన భక్తునివలె కొంతసేపు మౌనము వహించి, తుదకు "అంకుల్, ఈ బ్రేక్ లివర్లు ఇస్తారా?" అని అడిగెను. సైకిలు కాదు, లివరులు. లివరులును, వానిని అంటియున్న కడ్డీలును, కడ్డీలను పట్టియుంచు మరలును. తక్కిన సైకిలు నా యొద్దనే యుండవచ్చునట. "మరి నేను దేనితో ఆపుకోను నాయనా?" అంటిని. అతడు ఒక క్షణము నిజముగనే ఆలోచించి, "ఈ వయసులో మీరు పెద్దగా తొక్కరు కదా అంకుల్" అనెను. ఆ సైకిలు హ్యాండిలునకు, రైతుబజారునుండి అప్పుడే తెచ్చిన ఆనపకాయ సంచి ఇంకను వ్రేలాడుచునే యున్నది.

ఇది పాతకాలపు సైకిళ్ల జాడ్యము. కొంతకాలముగా విశాఖపట్టణపు బీచి రోడ్డుపై తెల్లవాఱుజామున తాతలకాలపు సైకిలు నెక్కని మనుమడు కానరాడు. తాతలకాలపుదనగా తాతలు తొక్కినది కాదు, తాతలు తొక్కియుందురని మనుమలు ఊహించుకొన్నది. రిమ్ము ఒక దేశమునుండియు, టైరు మఱియొక దేశమునుండియు, లివరులు ఏ దేశమునుండియో తోడివారికి చెప్పక రహస్యముగ తెప్పించి, తోలు సీటునకు వారమువారము మైనము పట్టించి, కూరగాయ యెన్నడును ఎక్కని పేము బుట్టను ముందు కట్టి, ఇంతయు నైన పిమ్మట దానిని కారు వెనుక బిగించుకొని సముద్రతీరమువఱకు మోసికొని వచ్చుచున్నారు.

రిమ్ములు మొదలు చూతము. మా తండ్రిగారి నాటి నల్ల సైకిలులో రిమ్ము అంచులు గుండ్రముగా నుండుటకు కారణము సౌందర్యము కాదు. కడ్డీ బ్రేకు లాగినప్పుడు గుఱ్ఱపు రికాబువంటి ఇనుప కమ్మి పైకి లేచి, దాని రెండు రబ్బరులును రిమ్మును ప్రక్కలనుండి కాక ఇరుసు వైపునుండి, లోపలి ముఖమున ఒత్తును. ఆ ఒత్తిడికి తగినట్లు మలచిన రిమ్మునకు వెస్ట్‌వుడ్ అని పేరు. పట్టకారువలె ఇరుప్రక్కల నొక్కు బ్రేకునకు చదునైన ప్రక్కలు కావలయును గనుక ఎండ్రిక్ అను వేఱొక రిమ్ము వచ్చెను. రెంటికిని పనికివచ్చునట్లు రాలీ సైకిళ్లవారు మఱియొకటి చేసిరి. పాపము, వారందఱును వృథాగా శ్రమపడిరని మనవారు తేల్చివేసిరి. గుండ్రపు అంచు రిమ్మునే కొని, దానికి పట్టకారు బ్రేకు బిగించి, ఆనుటకు చదునులేక రబ్బరులు జాఱుచుండగా, 'లుక్' వచ్చినదని మురియుచున్నారు. దానిపై క్రోమియపు తళుకొకటి. మా యూరి ఉప్పుగాలికి ఆ తళుకు ఎన్నాళ్లు నిలుచునో బీచి రోడ్డు ఇండ్ల కిటికీ ఊచల నడిగిన చెప్పును.

టైరులకు కొలత అక్కఱలేదు, రంగు చాలును. 28 అంగుళములని పిలువబడు టైరులు ముఖ్యముగా రెండు విధములు: టైరు తీగయంచు రిమ్ముపై కూర్చుండు చోట ఒకదాని వ్యాసము 635 మిల్లీమీటర్లు, రెండవదానిది 622. నల్ల సైకిలుది మొదటిది; నేటి సన్నచక్రముల సైకిలుది రెండవది. ఈ అంకె టైరు ప్రక్కనే అచ్చువేసియుండును. అయినను మా వీధి మలుపున సైకిళ్లు బాగుచేయు అప్పన్న దగ్గఱకు, ఎక్కని టైరును ఎట్లైన ఎక్కించుమని ప్రాధేయపడుచు వారమునకొక్కడైన వచ్చుచున్నాడు. చదివినది అంకె కాదు గదా, మీగడ రంగు! రబ్బరు సహజముగా పాలిపోయిన రంగుది. బెల్ఫాస్టులో పశువైద్యుడుగా నుండిన డన్‌లప్ 1888లో గాలి టైరునకు పేటెంటు పుచ్చుకొన్న చాలకాలమునకు, 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో, రబ్బరులో మసి కలిపినచో రోడ్డు రాపిడికి బహుకాలము ఓర్చునని తెలిసికొనిరి. టైరు నల్లబడుట ఆ విధముగా ఒక విజ్ఞానము. ఆ విజ్ఞానమును మరల వెనుకకు కడిగివైచి, మూడవనాటికి సాంబారులో నానిన ఇడ్డెనవలె తయారగు టైరును పాత పండ్లుతోము బ్రష్షుతో తోముచు కూర్చుండుటకు 'రెట్రో' అని పేరు.

కాని లివరులు! లివరుల దగ్గఱకు వచ్చునప్పటికి ఈ భక్తి ముదిరి ఉన్మాదమగుచున్నది. మా చెల్లెలి మనుమడొకడు, ఇంజనీరింగు చదివినవాడు, అందులోను మెకానికల్, మూడు వారములు లివరుల ఎంపికలో మునిగి భోజనవేళకైనను ఫోను వదలలేదు. ఒక సాయంకాలము నా ప్రక్కన చేరి, బొమ్మ తరువాత బొమ్మ చూపుచు, "ఏది బాగుంది తాతయ్యా?" అని అడిగెను. ఒకటి హంస మెడవలె వంగినదట; ఒకటి మఱీ పొట్టియట; ఒకదాని ఇత్తడిచాయ సీటు మేకుల ఇత్తడిచాయతో కలియలేదట; వీని తల్లి పెండ్లికి జాతకములైనను మావాండ్రు ఇంత నిదానముగా చూడలేదు. "అది తీగను ఎంత లాగుతుందిరా?" అని నేనడిగితిని. "తీగ లోపలుంటుంది తాతయ్యా, కనపడదు" అనెను.

కనబడని ఆ తీగయే బ్రేకు. లివరుయొక్క కీలునకును తీగ కొసకును నడుమ గల ఎడమును బట్టి అది తీగను కొంచెముగా లాగునో ఎక్కువగా లాగునో నిర్ణయమగును. పాత పట్టకారు బ్రేకునకు కొంచెము లాగిన చాలును. పొడుగు చేతుల వీ-బ్రేకునకు దాదాపు రెట్టింపు లాగవలయును. ఒకదాని లివరును ఇంకొకదానికి బిగించినచో, ఒక జతలో లివరు రాయివలె బిగిసి సైకిలు ఆగదు. రెండవ జతలో లివరు వెన్నలో దిగినట్లు దిగి హ్యాండిలునకు తగులును, అప్పుడును సైకిలు ఆగదు. గొట్టపు మందమైనను ఒకటి కాదు: తిన్నని హ్యాండిలు 22.2 మిల్లీమీటర్లు, పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగినది 23.8. కుడిచేతి లివరు ముందు చక్రమునకని మన చేతులకు చిన్ననాటినుండి తెలియును. అమెరికావారి అలవాటున ఎడమచేతికి ముందు బ్రేకు పెట్టిన బొమ్మను చూచి అచ్చముగా అట్లే కట్టించుకొన్నవాని చేయి, కుక్క అడ్డము వచ్చినప్పుడు, ఎటు పోవలయును?

చేయి యనగా జ్ఞప్తికి వచ్చినది. ఆ హంస మెడ లివరు హ్యాండిలునకు ఎంత దూరముగా నున్నదనగా, మా మనుమని చెల్లెలు ఆ సైకిలు నొకసారి ఎక్కి, వ్రేళ్లు ఎంత చాచినను అందక, చెప్పులు నేలకు రాచి ఆపుకొన్నది. "నీకు చేతులు చిన్నవి" అని వాడు దానిని మందలించెను. తప్పు చేతులది!

ఇంతకన్నను పై మెట్టొకటి కలదు. హ్యాండిలు క్రింద పొడుగునా సాగు పాతకాలపు కడ్డీ లివరును సంపాదించి, దానికి కడ్డీలు కూడ చేర్చి, ఆ కడ్డీలను ముందు మడ్‌గార్డు మీది యొక అలంకారపు మొలకు తగిలించి వదలివేయుదురు. అవి దేనిని లాగవు, దేనిని ఒత్తవు. అసలు బ్రేకు, ఉన్నచో, వేఱొకచోట దాగియుండును. అట్టి సైకిలు నొకదానిని బీచి రోడ్డుమీద అప్పన్నకు చూపినప్పుడు అతడు వంగి, కడ్డీని కొసవఱకు వ్రేలితో తడిమిచూచి, "బ్రేకనుకున్నాను బాబూ, వడ్డాణమేటి ఇది?" అనెను. వడ్డాణమనుట అన్యాయము, వడ్డాణమైనచో చీర కుచ్చెళ్లనైన పట్టియుంచును.

హాస్యము చాలును. జూలైలో మొదటి వానకు మా మనుమడు పాండురంగపురము డౌను అను వాలులో దిగుచు రెండు లివరులను ఒక్కసారి నొక్కెను. హంస మెడ హ్యాండిలునకు తగిలెను, సైకిలు ఆగలేదు. మోచేయి, మోకాలు, పై వరుస పన్ను ఒకటి. ఎదుట ఆటో వచ్చియుండిన యెడల నేనీ వ్యాసము వ్రాయుటకు కూర్చుండియుండను. ఆ లివరులు ఆ బ్రేకునకు చాలవని గాని, తడిసిన క్రోమియముపై రబ్బరు సరిగా పట్టదని గాని, ఇంగ్లండులో అట్టి రిమ్ములకై తోలు పొదిగిన బ్రేకుకట్టలు వేఱుగా చేసెడివారని గాని, వానికి ఆ సరుకు అమ్మిన అంగడివాడు చెప్పలేదు. చెప్పవలెనని వానికి తోచనుకూడ లేదు. బిగించి యిచ్చి ఫొటో మాత్రము తీసికొన్నాడు. ఆపలేని వస్తువునకు బ్రేకని పేరుపెట్టి అమ్ముట మోసము. దానిపై వారసత్వమను ముసుగు కప్పినను, కళయను ముసుగు కప్పినను మోసమే. కన్నతల్లి ఆసుపత్రి వరండాలో కూర్చుండి కుమారుని చొక్కా నెత్తురు పిండుచున్నప్పుడు ఇత్తడిచాయ కలిసినదా లేదా అని అడుగుటకు ఎవడును రాలేదు.

మా తండ్రిగారి కడ్డీ బ్రేకు మాత్రము వానలో పట్టునా యందురా? పట్టదు. ఆ సంగతి ఆయన యెఱుగును. చినుకు పడినచో ఆ డౌను మొదటనే దిగి, పంచె ఎగగట్టి, సైకిలును ప్రక్కన నడిపించుకొనుచు దిగెడివారు. ఆ సైకిలును కట్టినవారు తమ కాలమున తమ చేతికి అందినవానిలో గట్టిదానిని పెట్టిరి గాని, తమ తాతల కాలపు వస్తువేదో వెదకి పెట్టలేదు. అల్యూమినియపు రిమ్ము అందుబాటు ధరకు దొరకియుండిన, మా తండ్రిగారు ఆ ఉక్కు రిమ్మును ఒక్క దినమైన ఉంచుకొనెడివారు కారు.

ఇంతకును ఆ నల్ల సైకిలు చచ్చినదా, శ్రాద్ధము పెట్టుటకు? మా ప్రక్క అపార్టుమెంటు కావలివాడు మధురవాడనుండి దానిమీదనే వచ్చుచున్నాడు. అతని సైకిలును గేటులోపల పెట్టరాదు. మురుగుకాలువ ప్రక్కన, ఎండలో ఉండవలయును. ఆ భవనముననే మూడవ అంతస్తులో అదే ఆకారపు సైకిలు, మీగడ టైరులతో, హాలు గోడకు తగిలింపబడి, పైన చిన్న దీపముతో వెలుగుచున్నది. కావలివాని బ్రేకు రబ్బరులు అరిగినప్పుడు అప్పన్న పాత టైరు ముక్కను కోసి అమర్చుచున్నాడు. లోకములోని కడ్డీ సామాను గడ్డపు యువకులు ఎత్తుకొనిపోవుచున్నారు గదా! ప్రపంచ సైకిలు దినముగా ఐక్యరాజ్యసమితి 2018లో నిర్ణయించిన జూన్ 3వ తేదీననే, 2020లో, సాహిబాబాదులోని అట్లాస్ సైకిళ్ల కర్మాగారము పని ఆపివేసెను. నాడు ఈ వారసత్వప్రియులలో ఒక్కడైన తాతగారి సైకిలు పోయినదని కంట తడిపెట్టినట్లు నేను వినలేదు.

మనుమని సైకిలునకు అప్పన్న చదునుప్రక్కల అల్యూమినియపు రిమ్ములును, నల్ల టైరులును, ఆ బ్రేకునకు తగిన నల్లని లివరులును బిగించెను. తపాలా బంట్రోతు సైకిలువలె నున్నదని వాడు మూతి ముడిచికొన్నాడు గాని, పన్ను కట్టిన వైద్యుని బిల్లు చూచిన పిమ్మట మఱి మాటాడలేదు. మీగడ టైరులలో ఒకటి అప్పన్న షాపు చూరునకు వ్రేలాడుచున్నది. రెండవదానిని అప్పన్న మనుమరాలు కఱ్ఱపుల్లతో వీధి వెంట దొర్లించుకొనుచున్నది.

గడ్డపు యువకుడు నిన్న మరల వచ్చెను. ధర పెంచెను. నేను తల అడ్డముగా ఊపగా, "పోనీ ఆలోచించి చెప్పండి అంకుల్, కానీ ఒక్క రిక్వెస్టు, ఆ తుప్పు మాత్రం తుడవకండి. అదే ఒరిజినల్" అని చెప్పి వెడలెను. అతడు గేటు వేయువఱకు ఆగి, లోనికి పోయి, కుట్టుమిషను నూనె డబ్బాయు, పాత బనియను గుడ్డయు తెచ్చుకొని, సైకిలు ముందర చతికిలబడితిని.