మూడు భాగాల పెట్టె

నేను అట్టపెట్టెను. పుట్టింది ఇంగ్లండులో, చెషైర్‌లోని మాబర్లీ అనే ఊళ్లో, ఇల్‌ఫర్డ్ ఫిల్ములు చేసే కర్మాగారంలో. నా కడుపులో 4×5 అంగుళాల ఎఫ్‌పీ4 ప్లస్ షీట్లు 25 పెట్టారు. ఈ ఫిల్ము అన్ని రంగుల వెలుతురుకూ స్పందిస్తుంది కాబట్టి ఎర్రబల్బు కూడా పనికిరాదు. వెడల్పాటి చుట్టను షీట్లుగా కోయడం, మూలన గాట్లు పెట్టడం, లెక్కపెట్టి నల్లసంచిలో వేయడం అంతా కటిక చీకట్లోనే.

నాకు మూడు భాగాలు, ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు తొడుగుతాయి. వెలుతురు లోపలికి రావాలంటే సందుసందునా మలుపు తిరగాలి. తిరగలేక ఆగిపోతుంది. అట్టతో ఇంత చక్కని తాళం చేసిన మనిషెవరో గానీ, ఆ చేతికి దండం పెట్టాలి.

నాతో బయలుదేరిన ఇంకో పెట్టెను దారిలో ఎవరో తెరిచి చూశారు. ఒక్క చూపుకి 25 షీట్లూ పోయాయి. నేను మాత్రం క్షేమంగా సికింద్రాబాద్ చేరాను. 1880ల్లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో పెట్టింది ఈ ఊళ్లోనే. ఆయన వాడింది ఫిల్ము కాదు. బరువుగా, చెయ్యి జారితే పగిలిపోయే గాజుపలకలు.

నన్ను తెప్పించుకున్న సారు పెట్టె ధర, రవాణా, కస్టమ్స్ సుంకం అన్నీ కూడి 25తో భాగించాడు. పక్కనే ఉన్న శిష్యురాలు కాగితం మీదికి వంగి చూసింది.

"ఒక్క ఫొటోకి ఇంతా సార్?"

"అవునమ్మా. కడగడానికి మందులు వేరే."

ఆ పిల్లకి నేనే చెప్పాలనుకున్నాను. మామూలు కెమెరాలో 36 ఫొటోల రోలును పరిచి కొలిస్తే దాదాపు 80 చదరపు అంగుళాలు. నా షీట్లు నాలుగు చేరిస్తే అంతే. 8×10 షీటైతే ఒక్కటే అంత. వెండి పూత అంతే పడుతుంది, ఫొటో మాత్రం ఒక్కటి. పైగా రోలుకి 0.125 మిల్లీమీటర్ల ఆధారం చాలు. షీటు కెమెరాకి తగిలించే హోల్డరులో వంగకుండా నిలవాలి, అందుకని 0.18 మిల్లీమీటర్ల పాలియెస్టర్ వాడతారు. కొనేవాళ్లు కొద్దిమంది. ఒకప్పుడు ఫ్యూజీ వాళ్లు క్విక్‌లోడ్ పేరుతో ఒక్కో షీటునూ విడి కాగితపు కవరులో ఇచ్చేవారు. చీకటిగది వెతుక్కోనక్కర్లేదు, ఆ సుఖానికీ డబ్బు కట్టాల్సిందే. ఇప్పుడది రావడం లేదు. 2004లో మా ఇల్‌ఫర్డ్ కూడా మూతపడే దాకా వచ్చింది. 2005లో అక్కడి మేనేజర్లే కొని నిలబెట్టారు. వాళ్లు పూనుకోకపోతే నేను పుట్టేదాన్నే కాదు.

హోల్డరుకి రెండు వైపులా రెండు షీట్లు పడతాయి. 12 హోల్డర్లు నింపితే 24. ఒకటి మిగిలిపోతుంది. ఆ ఒక్కదాన్ని సారు ఆ పిల్లకిచ్చాడు.

"దీన్ని పాడుచేసెయ్. పట్టపగలు, కళ్లు తెరుచుకుని ఎక్కించు. తర్వాత కళ్లు మూసుకుని."

తీసుకోవడానికి ఆమె చెయ్యి ఆడలేదు. నిలువుగా పట్టుకుని, గాట్లు పైన కుడిమూలకి వస్తే పూతవైపు తనకి ఎదురుగా ఉన్నట్టని వేలితో తడిమి నేర్చుకుంది. ఎన్నిసార్లు ఎక్కించిందో, ఎన్నిసార్లు తీసిందో! షీటు గీతలు పడి మాసిపోయింది. నాకైతే మిగతా 24 కంటే అదే ఎక్కువ పనికొచ్చిందనిపిస్తుంది.

మౌలాలి గుట్ట మీద తెల్లవారుజామున ఇద్దరూ ఒక రాతి ముందు గంటసేపు నిలబడి, ఒక్క షీటే తీశారట. హోల్డరుకి మూతలా ఉండే స్లయిడును తెల్ల అంచు లోపలికి, నల్ల అంచు బయటికి తిప్పి పెట్టిందట ఆమె. తీసిన షీటుకి అది గుర్తు.

ఖాళీ పెట్టెనని నన్ను పారేయలేదు. తీసిన షీట్లు కడిగే దాకా దాగడానికి మళ్లీ నేనే కావాలి. అంచు చుట్టూ టేపు వేసి, పైన "తీసినవి, తెరవొద్దు" అని రాసింది ఆ పిల్ల. నల్లసంచిలో ప్రస్తుతం ఒక్క షీటే ఉంది, ఆమె మొదటిది. ఆదివారం కడుగుదామన్నాడు సారు.