పిట్టకథను కోసి పారేయడం ఎలా?

సినిమాలో అసలు కథకు సంబంధం లేని ముక్క కనపడితే మీ చేతులు దురద పెడతాయా? అయితే ఒక పాత సినిమా పట్టుకోండి. మన తాడిపత్రి మనిషి కె.వి. రెడ్డి తీసిందైతే మరీ మేలు. ఏ సీను ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచ్‌తో ముందే లెక్క కట్టుకునేవాడని ఆయనకు పేరు. అలాంటివాడు చూసుకోకుండా వదిలేసిన చెత్తను మీరు ఏరి పారేస్తే ఎంత పుణ్యం!

'మాయాబజార్' (1957)తో మొదలుపెట్టండి. శశిరేఖను లక్ష్మణ కుమారుడికి కాకుండా అభిమన్యుడికి దక్కించాలి, అంతే కథ. మధ్యలో కౌరవుల తరఫున శర్మ, శాస్త్రి దిగుతారు. మాయ తివాచీ గింబళి వాళ్ళను కుదురుగా నిలవనివ్వదు, మాయ మంచం గిల్పం పడుకోనివ్వదు. హాలంతా నవ్వుతుంటుంది, మీరు మాత్రం నవ్వకండి. పాండవులకే తెరమీద చోటివ్వని దర్శకుడు ఈ ఇద్దరికీ అంతసేపు ఎందుకిచ్చాడని కూడా అడక్కండి. అడిగితే కత్తెర ఆగిపోతుంది.

ఇంకో జాగ్రత్త: కోత పూర్తయ్యేదాకా చివరి భాగం చూడొద్దు. అక్కడ సత్యపీఠం ఉంది. దానిమీద కాలు పెట్టగానే శకుని కడుపులో దాచుకున్నదంతా కక్కేస్తాడు. కాలికింది వస్తువు మనిషి చెప్పినట్టు వినదు, మనిషినే ఆడిస్తుంది అన్న సంగతిని దర్శకుడు గింబళి దగ్గరే నవ్విస్తూ మనకు అలవాటు చేశాడని మీకు తెలిసిపోతుంది. గింబళి తీసేస్తే సత్యపీఠం తడాఖా సగం తగ్గిపోతుంది. పోనీండి, పౌరాణికమే కదా.

చేయి ఇంకా వణుకుతుంటే అనంతపురం చేలకు రండి, కోత అక్కడ నేర్చుకోవచ్చు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఎర్రనేలలో ఏడు సాళ్ళు శెనక్కాయ, పక్కన ఒక సాలు కంది. మా పక్క చేను పెద్దాయనను నేనే అడిగాను.

"ఈ కంది ఎందుకు పెద్దాయనా, శెనక్కాయకు అడ్డం కాదా?"

"శెనక్కాయ ఎత్తిపోతే పప్పుకన్నా ఉండొద్దా అప్పా?"

కంది వేరు లోతుకు దిగుతుంది. శెనక్కాయ పెరికేసిన తర్వాత కూడా చేలో నిలబడి, ఆఖరి వానకు కోలుకుంటుంది. ఇదంతా వింటే మీ దీక్ష చెడుతుంది. కందిని పీకేయండి.

ఇక అదే కె.వి. రెడ్డి తీసిన 'పెద్దమనుషులు' (1954). ఇబ్సెన్ నాటకం 'పిల్లర్స్ ఆఫ్ సొసైటీ' ప్రేరణతో అల్లిన కథ. మునిసిపల్ ఛైర్మన్ ధర్మారావుగా గౌరీనాథశాస్త్రి. మాట చూస్తే ధర్మం, చేత చూస్తే వేరు. ఈ గంభీరమైన కథలో తిక్క శంకరయ్య వేషంలో రేలంగి వీధిలో పడి కొసరాజు పాటలు పాడుకుంటూ తిరుగుతాడు. ఛైర్మన్ గారి లెక్కల్లో ఈ పిచ్చివాడికి పనేముంది? కోసేయడం తేలిక, పాటలు ఎక్కడికక్కడ విడిగా ఊడివస్తాయి.

కోశారా? ఇప్పుడు మళ్ళీ వేసి చూడండి. పెద్దమనుషుల గుట్టును నడివీధిలో పాడే గొంతు ఆ ఊళ్ళో లేదు. తెలివైనవాళ్ళకు ఉద్యోగాలున్నాయి, పరువున్న వాళ్ళకు పరువుంది. ధర్మారావు గారి ఉపన్యాసం ఒక్కటే వినపడుతోంది. శాలువా తెచ్చారా? ముందు వరుసలో మీకూ కుర్చీ వేసుంటారు.