దూరోద్యోగి, క్రీటు దీవి, ఒక కప్పు కాఫీ

కార్యాలయం గడప తొక్కకుండా, అంతర్జాలం అందే ఏ చోటి నుంచైనా జీతానికి పని చేసే మనిషిని ఈ వ్యాసంలో దూరోద్యోగి అని వ్యవహరిస్తున్నాం. యంత్రాలు చేతిసంచిలో పట్టేంత చిన్నవై, సమాచార మార్గాలు విశాలమైతే మనిషి మళ్ళీ సంచారజీవి కాగలడని జపాను ఇంజనీరు త్సుగియో మకిమోటో, పాత్రికేయుడు డేవిడ్ మానర్స్ 1997లో వెలువరించిన 'డిజిటల్ నోమాడ్' గ్రంథంలో ఊహించారు. 2020లో కోవిడ్ వచ్చి కార్యాలయాలకు తాళాలు పడ్డాక ఆ ఊహ ఇంటింటికీ చేరి, 'వర్క్ ఫ్రమ్ హోమ్' అన్న మాట కూరగాయల బండి దగ్గర కూడా వినిపించేంతగా పాతబడింది. ఇంట్లోంచి పని చేయగలిగినప్పుడు ఇంకెక్కడి నుంచైనా ఎందుకు చేయకూడదన్న ప్రశ్న ఆ తరువాత పుట్టింది, దానికి జవాబుగా ఒక ప్రామాణిక ఛాయాచిత్రమూ స్థిరపడింది: నీలి సముద్రం, తెల్లని మేజా, నురగ కట్టిన కాఫీ, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్. ఈ చిత్రంలో నాలుగు వస్తువులూ ఉంటాయి గానీ, పని మాత్రం ఉండదు, ఎందుకంటే ఆ భంగిమలో పని చేయడం భౌతికశాస్త్ర రీత్యా దుస్సాధ్యం.

ఈ సంగతి నిరూపించడానికి మధ్యధరా సముద్రంలోని క్రీటు దీవిని, అందులోనూ దాని పశ్చిమ భాగాన ఉన్న ఖన్యా పట్టణాన్ని తీసుకోవచ్చు. గ్రీసుకు చెందిన దీవులన్నిటిలోకీ పెద్దదైన క్రీటును వెనిస్ రాజ్యం నాలుగు శతాబ్దాలపాటు ఏలింది. ఆ కాలంలో కట్టిన రేవూ, గోడలూ, 19వ శతాబ్దపు ఈజిప్టు పాలనలో పునర్నిర్మాణం పొందిన దీపస్తంభమూ ఇప్పటికీ నిలిచి ఉండగా, రేవు చుట్టూ కెఫెలు వరస కట్టి ఉంటాయి. దూరోద్యోగి మొదటి రోజున నీటి అంచున ఉన్న మేజాను ఎంచుకొని, ల్యాప్‌టాప్ తెరిచి, అందులో తన ముఖాన్ని తానే చూసుకుంటాడు. తెర వెలుగును కొలిచే ప్రమాణాన్ని నిట్ అంటారు, అంటే స్థూలంగా ఒక చదరపు మీటరు నుంచి ఒక కొవ్వొత్తి పాటి వెలుగు. మామూలు ల్యాప్‌టాప్ తెర మూడు నాలుగు వందల నిట్‌లు ఇస్తే, మధ్యధరా ఎండలో పెట్టిన తెల్లకాగితం వేల నిట్‌లతో మెరుస్తుంది. అందువల్ల అతడు మొదట గొడుగు కిందికి, తరువాత పందిరి కిందికి, చివరకు గది లోపలికి జరుగుతాడు. జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీదుగా ఉత్తరం నుంచి వీచే మెల్తెమి అనే పొడిగాలి, కాగితపు తువాళ్ళను, రసీదులను, ఒక్కొక్కప్పుడు గొడుగును కూడా ఎగరేసుకుపోతూ, ఈ వలసను త్వరితం చేస్తుంది.

నీడ, వైఫై, ప్లగ్గు పాయింటు అనే మూడూ కలిసే త్రివేణీ సంగమం సాధారణంగా కెఫె వెనక భాగంలో, మరుగుదొడ్డి తలుపుకూ ఐస్‌క్రీం ఫ్రిజ్‌కూ నడుమ ఉంటుంది, అక్కడి కుర్చీలో కూర్చున్నవాడి వీపు సముద్రం వైపు, ముఖం గోడ వైపు ఉంటాయి. వేల మైళ్ళు ప్రయాణించి ఒక గోడ ముందు స్థిరపడిన ఈ మనిషిని చూసి ఎవరూ నవ్వకూడదు, ఎందుకంటే ఆ కుర్చీ కోసం ఉదయం నుంచీ మరో ఇద్దరు కాచుకొని ఉంటారు.

కెఫె అన్న వ్యవస్థ స్వభావాన్ని అర్థం చేసుకోకపోవడమే అతడి కష్టాలకు మూలమని చెప్పాలి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వెలువరించిన గ్రంథంలో ఇల్లు మొదటి చోటు, పనిస్థలం రెండో చోటు అని లెక్కించి, ఆ రెంటి బరువూ దించుకోవడానికి మనిషి వెళ్ళి కూర్చునే కాఫీ హోటలు వంటి దానిని మూడో చోటు అన్నాడు. గ్రీకుల సంప్రదాయ కాఫీ అంగడి అయిన కఫెనియో ఈ మూడో చోటుకు చక్కని ఉదాహరణ. అక్కడ బ్రికి అనే పొడుగు పిడి గిన్నెలో, మెత్తటి కాఫీ పొడిని వడకట్టకుండా కాచి, పొడితో సహా కప్పులో పోసి ఇస్తారు. చక్కెర కాచేటప్పుడే పడాలి కాబట్టి చక్కెర లేని స్కెటోసా, మధ్యస్తమైన మెట్రియోసా, తియ్యని గ్లికోసా అన్నది ముందే చెప్పాలి. పొడి అడుగుకు దిగేదాకా ఆగాలి. పైన తేరినది మాత్రమే, గుక్కగుక్కకూ నడుమ లోకాభిరామాయణం నడుపుతూ, తాగాలి. తెర మీద చూపు నిలిపి అన్యమనస్కంగా కప్పు ఎత్తిన దూరోద్యోగి అడుగున ఉన్న మడ్డిని కూడా మింగి, సమావేశం మధ్యలో దగ్గి, మ్యూట్ చేయడం మరిచినందుకు రెండు ఖండాలకు క్షమాపణ చెప్పుకుంటాడు.

చల్లని కాఫీ చరిత్ర మరింత ఆసక్తికరం. 1957లో థెస్సలొనీకి నగరంలో జరిగిన అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో నెస్లే సంస్థ తరఫున పని చేస్తున్న దిమిత్రిస్ వకోందియోస్ అనే ఉద్యోగికి, విరామంలో కాఫీ తాగుదామంటే వేడినీళ్ళు దొరకలేదట. పిల్లల చాక్లెట్ పానీయం కలపడానికి పెట్టిన గిలక్కొట్టే డబ్బాలో కాఫీ పొడి, చన్నీళ్ళు పోసి ఊపగా వచ్చిన నురగ పానీయమే ఫ్రాపే. ఒక ఉద్యోగి పని వేళలో చేసుకున్న ఈ సర్దుబాటు, గంటల తరబడి ఏ పనీ చేయకుండా కూర్చోవడానికి ఒక జాతి మొత్తానికి తోడైన పానీయంగా మారింది. ఇటీవల ఎస్ప్రెస్సోను మంచుతో చిలికే ఫ్రెద్దో దాన్ని కొంత వెనక్కి నెట్టినా, కూర్చునే పద్ధతిలో మార్పు రాలేదు. ఒక్క కాఫీ చెప్పి పూట గడిపే గ్రీకు పెద్దలను చూస్తే, ఒక్క చాయ్‌తో దేశ రాజకీయాలన్నీ చక్కబెట్టే హైదరాబాదు ఇరానీ హోటళ్ళు తెలుగువారికి గుర్తుకు రాక మానవు.

ఇక్కడే ఒక అన్యాయం కనిపిస్తుంది. తవ్లి అనే పాచికల ఆట ఆడుతూ, చేతిలో కొంబొలోయి పూసలు తిప్పుతూ, ఒక కప్పుతో మూడు గంటలు కూర్చున్న ఊరి పెద్దను యజమాని కుశలమడుగుతాడు. అదే కప్పుతో అంతసేపే కూర్చున్న దూరోద్యోగిని "ఇంకేమైనా కావాలా" అని అడుగుతాడు. ఈ రెండో ప్రశ్నకు అర్థం ప్రపంచంలో ఎక్కడైనా ఒక్కటే. న్యాయం యజమాని వైపే ఉందని ఒప్పుకోక తప్పదు: పెద్దమనిషి తెచ్చేది కబుర్లు, దూరోద్యోగి తెచ్చేది రెండు చార్జర్లు. ఒక్కొక్కప్పుడు యజమాని దయతలచి, ద్రాక్షపిప్పి నుంచి దించే త్సికుద్యా అనే సారాను చిన్న గ్లాసులో పోసి, క్రీటు మర్యాద ప్రకారం ఉచితంగా తెచ్చి పెడతాడు. దాన్ని వద్దనడం కష్టం, తాగి సమీక్షా సమావేశంలో కూర్చోవడం ఇంకా కష్టం.

కాలమానం సంగతికి వస్తే, వేసవిలో క్రీటు గడియారం భారతదేశానికి రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక ఉంటుంది. హైదరాబాదు బృందంలో ఉండి, కాలిఫోర్నియా క్లయింటుకు పని చేసే తెలుగు ఇంజనీరు ఖన్యాలో కూర్చున్నాడనుకుంటే, హైదరాబాదులో ఉదయం తొమ్మిదిన్నరకు జరిగే స్టాండప్, అంటే నిలుచునే మాట్లాడుకోవలసిన, ఎవరూ నిలుచోని సమావేశం, అతడికి వేసవి గడియారం ప్రకారం ఏడింటికి పడుతుంది. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదికి మొదలయ్యే కాల్ అతడికి సాయంత్రం ఏడింటికి పడుతుంది. సెప్టెంబరు నెలలో అక్కడ సూర్యుడు ఉదయించేదీ అస్తమించేదీ ఇంచుమించు ఈ వేళల్లోనే. యాత్రికులు ఏ రెండు గడియల కోసం టిక్కెట్టు కొంటారో సరిగ్గా ఆ రెండూ క్లయింటుకూ బృందానికీ పోగా, అతడికి మిగిలేది నడిమధ్యాహ్నం. అప్పుడు ఊరంతా కునుకు తీస్తూ, చప్పుడు చేయవద్దంటుంది. పోనీ, సాయంత్రం కాల్‌లోనైనా వెనక ఉన్న రేవును నలుగురికీ చూపిస్తాడా అంటే, మేనేజరు ఏమనుకుంటాడోనని దాన్ని మసకబరిచే మీట నొక్కుతాడు. అదే కాల్‌లో అమీర్‌పేట గదిలో కూర్చున్న సహోద్యోగి తన వెనక కొబ్బరిచెట్ల సముద్రతీరం బొమ్మ పెట్టుకొని ఉంటాడు.

పురాణాలను ప్రమాణంగా తీసుకుంటే క్రీటుకు వచ్చిన మొదటి విదేశీ సాంకేతిక నిపుణుడు డెడాలస్. ఎథెన్సులో చేసిన నేరానికి దేశం విడిచి వచ్చిన ఈ శిల్పి, రాజు మైనోస్ కొలువులో చేరి, లోపలికి వెళ్ళినవాడు బయటికి రాలేని లాబిరింత్ అనే చిక్కుదారుల భవనాన్ని నిర్మించి ఇచ్చాడు. ప్రాజెక్టు ముగిసినా రాజు రిలీవింగ్ లెటర్ ఇవ్వకపోవడంతో, నోటీసు పీరియడ్ కూడా పూర్తి చేయకుండా, ఈకలు, మైనంతో రెక్కలు కట్టుకొని కొడుకుతో సహా ఎగిరిపోయాడు. కొడుకు ఇకారస్ సూర్యుడికి దగ్గరగా వెళ్ళి, మైనం కరిగి సముద్రంలో పడ్డాడు. ఎండ విషయంలో క్రీటు ఇచ్చిన మొదటి హెచ్చరిక ఇది, దాన్నీ ఎవరూ చెవిన పెట్టలేదు.

నేటి గ్రీసు ప్రభుత్వం అంత కఠినమైనది కాదు. 2021లో చేసిన చట్టం ద్వారా దూరోద్యోగులకు 12 నెలల వరకు ప్రత్యేక వీసా ఏర్పాటు చేసి, దరఖాస్తుదారుకు నెలకు 3,500 యూరోల ఆదాయం ఉండాలని, భార్య లేదా భర్త వెంట వస్తే అందులో 20 శాతం, ఒక్కొక్క బిడ్డకు 15 శాతం అదనంగా చూపాలని నిర్ణయించింది. ఇది మన లెక్కలో నెలకు మూడు లక్షల రూపాయలకు పైమాటే. గ్రీసులో ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకూడదన్నది ముఖ్యమైన షరతు. ఖర్చు అక్కడ చేయాలి, పని మాత్రం అక్కడివారికి చేయకూడదు. ఇంత జీతం వచ్చే స్థాయికి ఎదిగిన తెలుగు ఉద్యోగిని వారానికి కనీసం మూడు రోజులు ఆఫీసుకు రమ్మని కంపెనీ ఈపాటికే ఉత్తరం పంపి ఉంటుందనీ, పరాయి దేశం నుంచి లాగిన్ అయితే ఖాతాను బిగించేసే భద్రతా వ్యవస్థలు ఉంటాయనీ ఆ చట్టం రాసినవారికి తెలిసి ఉండదు.

కాబట్టి క్రీటు కెఫెలో కూర్చోవాలన్న కోరిక గల పాఠకులు సెలవు పెట్టి, సెప్టెంబరులో వెళ్ళి, నీటి అంచున మేజా చూసుకొని, మెట్రియోస్ చెప్పి ఊరకే కూర్చోవడం ఉత్తమం. ల్యాప్‌టాప్ వెంట ఉండి తీరాలనేవారు మాత్రం ఎడాప్టరు ఇక్కడే కొనుక్కోవాలి. మన సెల్‌ఫోను చార్జర్ల రెండు సన్నని పిన్నులు అక్కడి గోడల్లో దూరతాయి గానీ, ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్గు దూరదు.