పెట్టె–దూది పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

పెట్టె గోడలకును పెట్టుము దూదిని
తూము నోట దూది తురుమవలదు
నిండ నింపితేను నీరసించును బేసు
కల్వకుర్తి పెండ్లి కళయె తప్పు

అవతారిక: ఆ మధ్య కల్వకుర్తిలో మా మేనల్లుడి పెళ్లికి బరాత్ లేచింది. డీజే బండికి తోడుగా మా ఇంట్లో పడివున్న బేస్ డబ్బా ఒకటి తగిలించాను. దూది పెడితే బేసు మెత్తగా వస్తుందని ఎవరో అన్నది గుర్తుండి, ముందు రోజు రాత్రి పాత పరుపు విప్పి, అందులోని దూదంతా ఆ డబ్బాలో కూరాను. మొదటి పాటకి బేసు జలుబు చేసినట్టు పలికింది. రెండో పాటకి గొట్టంలోంచి పింజలు లేచి పెళ్లికొడుకు పాగా మీద వాలాయి. చూసినవాళ్లు కొత్తరకం పూలమిషను అనుకున్నారు. డబ్బాలు కట్టే అతను వచ్చి, వెనక పలక విప్పి, ఒక్క క్షణం నిలబడిపోయి, "ఏంది సారు, దీన్ని డబ్బా అనుకున్నరా, పరుపనుకున్నరా?" అన్నాడు. గోడలకు ఒక్క పొర ఉంచి, మిగతాదంతా పీకి, కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. పీకుతూ అతను చెప్పిన నాలుగు ముక్కలే పై పద్యం. ఛందస్సు నాది, పరిజ్ఞానం అతనిది. సొంత పద్యానికి సొంతంగా టీక రాసుకోవడం మర్యాద కాదని తెలుసు. ఇంకెవరూ రాయరని కూడా తెలుసు.

ప్రతిపదార్థం: పెట్టె = ప్లైవుడ్డుతో బిగించి, స్పీకరుకు ఒకటి, గొట్టానికి ఒకటి తప్ప వేరే సందు లేకుండా చేసిన డబ్బా యొక్క; గోడలకును = లోపలి పలకలకు; దూదిని = గింజ తీసి ఏకిన పత్తిని; పెట్టుము = అంటించుము; తూము నోట = గాలి వచ్చిపోయే గొట్టపు మూతియందు; దూది తురుమవలదు = కొప్పులో పూలు తురిమినట్టు తురుమరాదు; నిండ నింపితేను = ఖాళీ లేకుండా కూరినచో; బేసు = చెవి కన్నా ముందు రొమ్ముకు తగిలే నాదము; నీరసించును = ఊపిరి కోల్పోవును; కల్వకుర్తి = 1989లో ఎన్.టి.రామారావును చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడించి, ఎంత గొంతున్నా తూచే వింటామని చాటిన ఊరియందలి; పెండ్లి కళయె = బరాత్ శోభయే; తప్పు = తొలగును.

పాఠాంతరం: "పెట్టుము పత్తిని" అని కొందరు చదువుతారు. గణాలు సరిపోతాయి. చుట్టూ పత్తి చేలున్న ఊరు కనక ఆ పాఠం మీద మోజు సహజం. అయినా గ్రాహ్యం కాదు. పత్తిలో గింజ ఉంటుంది, గింజ పలక మీద గలగలమంటుంది. "స్పాంజిని" అనేవారూ ఉన్నారు. పాత సోఫాలు ఎక్కువున్న ఇళ్లలో ఆ పాఠం వ్యాప్తిలో ఉంది.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టుపెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నాకట్లాంటి ఒట్టేమీ లేదు కనక ముందుకు సాగుతాను.

టీక – "తూము": డబ్బాలు కట్టేవాళ్లు దీన్ని గొట్టమంటారు, ఇంగ్లీషు చదివినవాళ్లు పోర్టంటారు. నేను యతి కోసం తూమన్నాను. తర్వాత చూసుకుంటే అర్థం కూడా కుదిరింది. పాలమూరు మనిషికి చెరువు తూము గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. తేడా ఒక్కటే. చెరువు తూములో పోయిన నీళ్లు తిరిగి రావు. ఈ తూములో పోయిన గాలి వెంటనే వెనక్కి వస్తుంది, మళ్లీ పోతుంది. పెట్టెలోని గాలి స్ప్రింగు, గొట్టంలోని గాలి దానికి కట్టిన బరువు. ఆ రెండూ కలిసి ఏదో ఒక్క శ్రుతికే ఊగుతాయి. ఘటం వాయించే విద్వాంసుడు కుండ మూతిని పొట్టకు ఆనించి నాదాన్ని కిందికి దింపడం చూశారు కదా, అదే లెక్క. ఖాళీ సీసా మూతిలో ఊదినా ఇదే. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1863లో తన నాదగ్రంథంలో ఈ సీసాల సంగతి విస్తరించాడు. సంస్కృత వ్యాకరణానికి ఉన్నట్టే, స్పీకరు పెట్టెకు ఈ విద్య తెచ్చినవాళ్లు కూడా మునిత్రయమే: 1932లో పేటెంటు పొందిన బెల్ ల్యాబ్స్ థ్యూరస్ సూత్రకారుడు, 1961లో ఆస్ట్రేలియాలో లెక్క కట్టిన థీల్ వార్తికకారుడు, 1970ల్లో విస్తరించిన స్మాల్ భాష్యకారుడు.

మా డబ్బా లోపలి కొలత 60 లీటర్లు. గొట్టం వ్యాసం 10 సెంటీమీటర్లు, పొడవు 20. లెక్క వేస్తే శ్రుతి 38 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే సెకనుకు 38 ఊపులు. గొట్టంలో ఉన్న గాలి తూకం రెండు గ్రాములకు అటూఇటూ. పెళ్లివారంతా చిందులేసేది ఆ రెండు గ్రాముల మీద! దాని నోట్లో దూది కుక్కినవాణ్ణి ఏమనాలో పద్యంలో చోటు చాలలేదు.

టీక – "నిండ నింపితేను": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. 1687లో న్యూటన్ గాలిలో శబ్దవేగం లెక్కగట్టాడు. అసలు కొలతకన్నా సుమారు 15 శాతం తక్కువొచ్చింది. గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడి ఎటూ పోయే వ్యవధి లేక అక్కడే ఉండి స్ప్రింగును గట్టిపరుస్తుందని 1816లో లాప్లాస్ దిద్దాడు. న్యూటన్ పూర్వపక్షం, లాప్లాస్ సిద్ధాంతం. వాదం ముగిసిందనే అందరూ అనుకున్నారు. అయితే దూది కూరిన పెట్టెలో ఆ వేడిని పీచు మింగి, గాలి సడలగానే తిరిగిస్తుంది. స్ప్రింగు మెత్తబడుతుంది. ఓడిన పూర్వపక్షం పరుపు దూదిలో దూరి మళ్లీ గెలిచింది! మీమాంసకులకు కూడా దక్కని ముచ్చట ఇది.

స్ప్రింగు మెత్తబడితే పెట్టె ఉన్నదానికన్నా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. వేడి పూర్తిగా చేతులు మారితే 60 లీటర్లు 84 అయినట్టు. శ్రుతి 38 నుంచి 32కు దిగాలి. అది కాగితం మీది హద్దు. వాస్తవంలో పది, ఇరవై శాతం పెరిగినట్టు అనిపిస్తే గొప్ప, అంటే 36, 35.

శంక: శ్రుతి దిగితే మంచిదే కదా? ఖర్చు లేకుండా పెద్ద డబ్బా దొరికినట్టే కదా?

సమాధానం: నేనూ ఇదే అనుకున్నాను. మర్నాడు వాకిట్లో డబ్బాను వెల్లకిల పడుకోబెట్టి, స్పీకరు కాగితం మీద పిడికెడు బియ్యం పోసి, ఫోనులోంచి ఒకే స్వరం చిన్నగా పెట్టి, 60 నుంచి ఒక్కో హెర్ట్జ్ దింపుకుంటూ వచ్చాను. 50 దగ్గర బియ్యం ఎగిరాయి. 42 దగ్గర నెమ్మదించాయి. 38 దగ్గర ఒక్క గింజ కదల్లేదు. అదే సమయంలో గొట్టం దగ్గర పెట్టిన అగరుబత్తి పొగ తోక తెగిన పాములా కొట్టుకుంది. పని మొత్తం తూము ఎత్తుకుంది, స్పీకరు ఊరికే కూర్చుంది. 38 కిందికి పోయేసరికి గింజలు మళ్లీ లేచాయి, ఈసారి పట్టూ విడుపూ లేకుండా.

తర్వాత కవర్లోని దూదంతా తిరిగి కూరి చూశాను. 35 దగ్గర గింజలు కాస్త తగ్గాయి కానీ ఆగలేదు. పొగ వంగి ఊరుకుంది. దూది శ్రుతిని జానెడు దించి, ఊపిరిని మూరెడు తీసుకుంది. ఊగే గాలి పీచుతో రాసుకుని అలిసిపోతే తూము మోయాల్సిన బరువు స్పీకరు మీద పడుతుంది. శ్రుతి దించాలనుంటే గొట్టాన్ని నాలుగు వేళ్లు పొడిగిస్తే చాలు. పీవీసీ ముక్క పరుపుకన్నా చవక.

టీక – "పెట్టుము": విధియా, అనుమతియా? అనుమతే అని నా తీర్పు. మా డబ్బాలో లోపలి పొడవు అర మీటరు. గోడకూ గోడకూ మధ్య గాలి తనంతట తాను ఊగేది 343 హెర్ట్జ్ దగ్గర. ఉత్త బేస్ డబ్బా 100 దగ్గరే దుకాణం కట్టేస్తుంది. 38 హెర్ట్జ్ అల పొడవు 9 మీటర్లు. అంగుళం దూది దాన్ని ఆపడమంటే చెరువుకు చీర అడ్డం కట్టడమే. పాట కూడా పాడే డబ్బాలకైతే గోడదూది అవసరం. బేసుకు మాత్రం పెట్టినా పెట్టకపోయినా ఒకటే, తూముకు జానెడు దూరం ఉంటే చాలు. ఈ మాట డబ్బాల అతనితో అంటే, "మరి గోడలకు ఎందుకు వెడుతమంటే, లోపల చూసినోళ్లకు పని చేసినట్టు కనవడాలె గద సారు" అన్నాడు. ఇంత గొప్ప వ్యంగ్యార్థం పద్యంలో ఇమడ్చలేకపోయినందుకు చింతిస్తున్నాను.

తాత్పర్యం: దూది గోడకు, గాలి తూముకు.

ఇది పరుపు విప్పుటయందు ఉత్సాహవంతుండును, కుట్టుటయందు నిరుత్సాహుండును, తత్కారణంబున నెలరోజులుగా బొంతమీద పవళించుచున్నవాడును, కవరెడు దూది అటకపై దాచినవాడునగు కల్వకుర్తి వాస్తవ్యునిచే రచింపబడిన టీక.