ఆకాశంలో గట్టు తగాదా

అమెరికాలో కొత్తగా ఏఎం రేడియో కేంద్రం నెలకొల్పదలచినవారు సమకూర్చుకోవలసిన సామగ్రిలో ట్రాన్స్‌మిటర్‌ది చివరి స్థానం. దానికంటే ముందు ఒక న్యాయవాది, ఒక సాంకేతిక సలహాదారు, ఆ ఇద్దరి బిల్లులకూ తట్టుకోగల బ్యాంకు ఖాతా, అన్నిటినీ మించి తుది తీర్పు వెలువడేదాకా బతికి ఉండగల ఆయుర్దాయం అవసరమని ఆ దేశపు ప్రసార చరిత్ర పదేపదే రుజువు చేసింది.

ఈ వ్యవహారంలో మొదటి ముద్దాయి ప్రకృతే. ధ్వనికి అనుగుణంగా తరంగపు ఎత్తును హెచ్చించి తగ్గించి ప్రసారం చేసే పద్ధతిని ఏఎం అంటారు. ఆ పద్ధతిలో ప్రసారాలు సాగే, తెలుగు శ్రోతలు మీడియం వేవ్‌గా ఎరిగిన పట్టీలో, అమెరికాలో 540 నుంచి 1700 కిలోహెర్ట్జ్ వరకు పదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో 117 స్థానాలు మాత్రమే ఉండగా, వాటిని నాలుగు వేలకు పైగా కేంద్రాలు పంచుకోవలసి ఉంది. పగటివేళ భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే విద్యుదావేశపు పొర పైకి వెళ్ళిన తరంగాలను పీల్చివేస్తుంది కనుక ఏ కేంద్రమైనా తన పరిసరాలకే పరిమితమై మర్యాదగా మసలుకుంటుంది. పొద్దు గూకగానే ఆ పొర పలచబడి, తరంగాలు మరింత ఎత్తులోని పొరల దాకా వెళ్ళి అక్కడినుంచి పరావర్తనం చెంది, వందల మైళ్ళ అవతల, తమను ఎవరూ పిలవని రాష్ట్రాలలో దిగుతాయి. ఆకాశతరంగం అనే ఈ నిశాచరి కారణంగానే పగలు మాత్రమే మోగి సూర్యాస్తమయంతో నోరు మూసుకోవాలనే షరతుపై అనేక కేంద్రాలకు అనుమతులు దక్కాయి.

ప్రకృతి మిగిల్చిన పనిని చట్టం అందుకుంది. 1926లో జెనిత్ కంపెనీపై ప్రభుత్వం నడిపిన కేసులో, ఫ్రీక్వెన్సీలు కేటాయించి శాసించే అధికారం వాణిజ్య మంత్రికి లేదని న్యాయస్థానం తేల్చడంతో, కొద్ది నెలల వ్యవధిలోనే దాదాపు 200 కొత్త కేంద్రాలు తమకు నచ్చిన స్థానాలలో నచ్చినంత శక్తితో గొంతు విప్పాయి. ఆ రొదను అణచడానికి 1927లో రేడియో చట్టం, 1934లో ఎఫ్‌సీసీగా ప్రసిద్ధమైన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అవతరించాయి. ప్రజాప్రయోజనం, సౌకర్యం, అవసరం అనే మూడింటిని చూసి అనుమతి ఇవ్వాలని చట్టం నిర్దేశించగా, కొత్త కేంద్రం కావాలనేవారూ వద్దనేవారూ ఆ మూడింటినే తమ అర్జీలకు శిరోభూషణంగా ధరించగలగడం ఈ సూత్రంలోని విశేషం.

కేంద్రం పెట్టనిమ్మని ఒకరు అడగడం ఆలస్యం, అదే స్థానాన్ని మరొకరు కోరడం రివాజు. మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో 1230 కిలోహెర్ట్జ్‌పై కొత్త కేంద్రానికి 1944లో ఒక సంస్థ దరఖాస్తు చేసుకోగా, పొరుగున మస్కీగన్‌లో ఉన్న ఆష్‌బ్యాకర్ సంస్థ తన కేంద్రాన్నీ అదే స్థానానికి మార్చమని కోరింది. కమిషన్ మొదటివారికి విచారణ లేకుండానే అనుమతి ఇచ్చేసి, రెండవవారిని సావకాశంగా విచారిస్తామంది. ఇచ్చేసిన తరువాత జరిపే విచారణకు అర్థమేమిటని ఆష్‌బ్యాకర్ వేసిన ప్రశ్న సమంజసమైనదేనని 1945లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరస్పరం పొసగని దరఖాస్తులను పక్కపక్కన పెట్టి తూచే తులనాత్మక విచారణ అప్పటినుంచి తప్పనిసరి అయింది. తీర్పు న్యాయమైనదే, అందులో సందేహం లేదు. దాని నీడలో తరతరాల న్యాయవాదుల కుటుంబాలు చల్లగా బతికాయనడంలోనూ సందేహం లేదు.

అంతరాయంలో రెండు రకాలు ఉన్నాయన్న సంగతి సాంకేతిక గ్రంథాలలో కనబడదు. ఒకటి శ్రోత చెవిలో వినబడేది; రెండవది పాత కేంద్రపు ప్రకటనల ఖాతాలో మాత్రమే కనబడేది. పోటీవల్ల ఆదాయం తగ్గుతుందన్న కారణం ఒక్కటే కొత్త కేంద్రాన్ని ఆపడానికి చాలదని 1940లోనే శాండర్స్ సోదరుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినప్పటికీ, ఆ నష్టాన్ని చూపి అప్పీలు చేసుకునే అర్హత మాత్రం పాతవారికి ఉందని అదే తీర్పు ఒప్పుకుంది. జార్జియా రాష్ట్రపు క్యారల్ సంస్థ కేసులో 1958లో అప్పీళ్ళ న్యాయస్థానం మరొక మెట్టు ఎక్కి, ఆదాయ నష్టం ప్రజలకు అందే సేవను దెబ్బతీసేటంతటిదైతే పరిశీలించవలసిందేనంది. పోటీదారుడంటే భయమని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారికి ప్రజలపట్ల ఆందోళన అనే గౌరవప్రదమైన ముసుగు దానితో సిద్ధించింది. ఆ సిద్ధాంతాన్ని కమిషన్ విడిచిపెట్టేసరికి 1988 వచ్చింది.

వీటన్నిటినీ తలదన్నేది 770 కిలోహెర్ట్జ్ చరిత్ర. ఉత్తర అమెరికా దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం 1941లో కేంద్రాల స్థానాలను మార్చినప్పుడు, న్యూ మెక్సికో రాష్ట్రపు ఆల్బకర్కీలోని కేఓబీ అనే కేంద్రానికి దక్కిన 1030 కిలోహెర్ట్జ్‌పై బోస్టన్ కేంద్రంతో పొత్తు కుదరకపోవడంతో, కమిషన్ దానిని ప్రత్యేక అనుమతితో తాత్కాలికంగా 770కి తరలించింది. ఆ 770 అప్పటికే న్యూయార్క్‌లోని డబ్ల్యూజేజెడ్ కేంద్రానిది. పైగా అది క్లియర్ ఛానల్, అంటే రాత్రివేళ దేశమంతటా ఒకే కేంద్రానికి వదిలిపెట్టిన స్థానం. రెండు ఊళ్ళ మధ్య సుమారు 2,900 కిలోమీటర్ల దూరం ఉన్నా ఆకాశతరంగానికి అది లెక్కలోనిది కాదు కనుక, తెలుగు పల్లెల్లో తాతలనాడు మొదలై మనవల కాలానికీ తెగని గట్టు తగాదా వంటిది అమెరికా ఆకాశంలో మొదలైంది.

ఆ తాత్కాలిక అనుమతి పొడిగింపులమీద పొడిగింపులు పొందుతూ, దాన్ని ఇచ్చిన కమిషనర్లు పదవులు దిగిపోయినా తాను దిగలేదు. న్యూయార్క్ కేంద్రం యాజమాన్యం ఏబీసీ సంస్థ చేతికి వచ్చింది, 1953లో దాని పేరు డబ్ల్యూఏబీసీగా మారింది, ఆల్బకర్కీ కేంద్రానికీ యజమానులు మారారు, మారనిది వ్యాజ్యమొక్కటే. 1951లోనూ, 1960లోనూ, మళ్ళీ 1965లోనూ అప్పీళ్ళ న్యాయస్థానం ఈ దస్త్రం దుమ్ము దులపవలసివచ్చింది. ఎన్‌బీసీ, సీబీఎస్ సంస్థల న్యూయార్క్ కేంద్రాలకు ఉన్నంత నిష్కంటకమైన స్థానం తమకెందుకు ఉండరాదన్నది ఏబీసీ వాదన; న్యూ మెక్సికో ప్రజలు రాత్రిళ్ళు చెవులు మూసుకోవాలా అన్నది అవతలివారి వాదన.

రాజీమార్గంగా ప్రతిపాదితమైన దిశాత్మక యాంటెన్నా స్వరూపం కూడా తెలుసుకోదగినదే. ఒకటికి మించిన స్తంభాలకు వేర్వేరు పాళ్ళలో విద్యుత్తును అందించి, కోరిన దిక్కుకు తరంగాలను నెట్టి, కోరని దిక్కున అణచే ఏర్పాటు ఇది. 770 కిలోహెర్ట్జ్‌కు పావు తరంగదైర్ఘ్యం సుమారు 97 మీటర్లు కాబట్టి, వాడుకలో ఉన్న పద్ధతిలో అంత పొడవైన రాగి తీగలను ఒక్కొక్క స్తంభం చుట్టూ 120 చొప్పున పాతిపెట్టాలంటే, ఒక్క స్తంభానికే పదకొండు కిలోమీటర్లకు పైబడిన రాగి భూగర్భంలోకి వెళుతుంది. ఆపైన ఇంజనీరు కొలత పరికరం పట్టుకుని పొలాల వెంట, రహదారుల వెంట తిరిగి, ఏ దిక్కున సంకేతం ఎంత ఉందో నమోదు చేసి కమిషన్‌కు నివేదించాలి. పొరుగు కేంద్రపు ఇంజనీరు అవే చోట్ల తన పరికరంతో కొలవగా వచ్చిన అంకెలు ఏ కారణం చేతనో తన యజమానికే అనుకూలంగా ఉండటం భౌతికశాస్త్రం ఇంకా వివరించవలసిన అంశాలలో ఒకటి.

1941లో మొదలైన వివాదం 1970వ దశకం చివరికి ఒక కొలిక్కి వచ్చింది. సరిగ్గా ఆ రోజులలోనే, 1978 ప్రాంతంలో, అమెరికాలో ఎఫ్ఎం శ్రోతల సంఖ్య ఏఎం శ్రోతల సంఖ్యను దాటిపోయింది. అంతరాయం లేని శ్రవణం ఎవరి హక్కో న్యాయవాదులు తేల్చేలోగా, ఆ శ్రవణం కావలసినవారు రేడియోమీద ఒక మీట తిప్పి దానిని తామే సంపాదించుకున్నారు. పాటలతో ఒక తరాన్ని ఊగించిన డబ్ల్యూఏబీసీ 1982 మే 10న సంగీతానికి స్వస్తి చెప్పి మాటల కార్యక్రమాలకు మళ్ళింది.

కొత్త కేంద్రాలకు దరఖాస్తు చేసుకునే ద్వారం తెరుచుకోవడం తరువాతి కాలంలో మరీ అరుదైంది. 2004 జనవరిలో తెరిచినప్పుడు వెయ్యికి పైగా అర్జీలు వచ్చిపడ్డాయి. తులనాత్మక విచారణల స్థానంలో వేలంపాట ప్రవేశించినందున, ప్రజాప్రయోజనాన్ని ఇప్పుడు డాలర్లలో కొలుస్తారు. అనుమతి దక్కినవారు మూడేళ్ళలో నిర్మాణం ముగించాలన్న గడువు ఖచ్చితంగా ఉంది. నియమాలన్నీ ఇప్పటికే ఉన్న కేంద్రాన్ని కాపాడటానికే తప్ప రాబోయే కేంద్రాన్ని వినిపించడానికి కాదని ఇన్నేళ్ళ అనుభవం చెబుతోంది. న్యూయార్క్, ఆల్బకర్కీ కేంద్రాలు రెండూ నేటికీ 770 మీదనే ప్రసారం చేస్తున్నాయి.