ఆ మెకానిక్ నేనే

కరీంనగర్‌లో ఒక పెద్దమనిషి ముందు స్టూలు మీద కూర్చొని, నేను చేసిన పాడుపనిని లోకంలో లేని ఒక మంచిర్యాల మెకానిక్ నెత్తిన వేశాను. ఆ మెకానిక్ పేరేమిటని ఆయన అడగలేదు. అడిగి ఉంటే అదీ పుట్టించేవాణ్నే.

నాది పాత అంబాసిడర్. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, దానికి ఎస్‌యూ కార్బరేటర్. పింఛన్ పైసలు చేతికొచ్చిన కొత్తలో కొన్నాను. మా తరానికి కారంటే అదే. 1957లో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో మొదలై 2014 మేలో ఆగిపోయేదాకా దాని రూపం పెద్దగా మారలేదు. నేను సర్కారు బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో కలెక్టర్ వచ్చినా, గనుల పెద్దాఫీసర్ వచ్చినా తెల్ల అంబాసిడర్‌లోనే దిగేవాడు, మేం గేటు దగ్గర చేతులు కట్టుకొని నిలబడేవాళ్లం. అట్లాంటిదొకటి నా వాకిట్లో ఉండాలనుకోవడం మరీ అంత తప్పేమీ కాదు. తెలివితక్కువ పనులు ఆ తర్వాత మొదలయ్యాయి.

బండి రాగానే దానికి సోకులు చేయించాను. సీట్ కవర్లు, కొత్త హారన్, వెనక పెట్రోల్ ట్యాంకుకు తాళంచెవితో తిరిగే మెరిసే మూత. తుప్పుపట్టిన పాత మూతను ఇనుప సామాను వాడికి వేసేశాను. ఈ మూత సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

కొద్దిరోజులకే బండి మొరాయించడం మొదలుపెట్టింది. స్టేషన్ దాకా, మార్కెట్ దాకా పోయొస్తే ఏమీ లేదు. లక్సెట్టిపేట రోడ్డెక్కి కొంతదూరం పోయాక దగ్గి దగ్గి ఆగిపోయేది. పెట్రోల్ అయిపోయిందేమోనని మూత తీసి పుల్ల పెట్టి చూసేవాణ్ని. ఉండేది. మళ్లీ మూత బిగించి చెవి తిప్పితే మారుమాట లేకుండా అందుకునేది. కాసేపు ఆగింది కదా, అలుపు తీరిందనుకునేవాణ్ని. ఇనుప ఇంజన్‌కు అలుపేమిటని ఫిజిక్స్ సారుకు తోచలేదు.

గూడెం గుట్టకు సత్యనారాయణస్వామి వ్రతానికి పోతుంటే హాజీపూర్ దాటాక అట్లాగే ఆగింది. బండి నిండా చుట్టాలు, ఒళ్లో పూలు, కొబ్బరికాయలు. మా బావమరిది దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బావా, వ్రతం గుట్ట మీద జేద్దామనుకున్నం గని, నీ బండి రోడ్డు మీద్నే జేయిస్తట్టున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆపడానికి నేను గంభీరంగా "కార్బరేటర్ పోయింది" అన్నాను. నిజానికి ఆ క్షణాన నోటికొచ్చిన పార్టు పేరు అదొక్కటే. కానీ నలుగురిలో అన్నాక ఇక అది నా సిద్ధాంతమైపోయింది.

ఊళ్లో నాకు తెలిసిన కుర్ర మెకానిక్‌ను అడిగితే చేతులెత్తేశాడు. అతని తప్పేమీ లేదు. 2000 తర్వాత కొత్త కార్లలో కార్బరేటర్ ఉండటం దాదాపు మానేసింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మోటార్ సైకిళ్ల నుంచీ దాదాపు పోయింది. ఇప్పటి పిల్లలు వైరు తగిలించి స్క్రీన్ మీద రోగం చదువుతారు. "పాత మిస్త్రీ ఎవలకన్న చూపెట్టుండ్రి సార్" అన్నాడతను. ఇంత చదువుకున్నవాణ్ని, ఈమాత్రం నేను చేసుకోలేనా అనుకున్నాను.

వరండాలో పేపర్ పరిచి, ఫోన్‌లో వీడియో పెట్టుకొని విప్పాను. ఎస్‌యూ కార్బరేటర్ చూడ్డానికి చాలా తేలికగా ఉంటుంది, అదే దాని మోసం. పైన ఒక గుమ్మటం, లోపల పైకీ కిందికీ ఆడే పిస్టన్, పిస్టన్ అడుగున సూది, ఆ సూది దిగే జెట్టు. ఇంజన్ ఎంత గాలి గుంజితే పిస్టన్ అంత లేస్తుంది. సూది మొన వైపు సన్నం కాబట్టి, లేచినకొద్దీ పెట్రోల్‌కు సందు పెరుగుతుంది. దీన్ని తెచ్చిన స్కిన్నర్లది ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మొదట్లో పిస్టన్ జాగాలో తోలుతిత్తి పెట్టారు. ఇవన్నీ చదివాను. చదివి ఏం లాభం? పిస్టన్‌కూ గుమ్మటానికీ మధ్య ఉన్న అతి సన్నటి సందే దాని ప్రాణమని, ఆ రెండింటినీ జతగా కొలిచి చేస్తారని చదవలేదు. లోపల నల్లటి మరక కనబడితే ఎమరీ పేపర్ తెచ్చి, మొఖం కనబడేదాకా రెండింటినీ రుద్దాను. పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా పట్టి ఉంచేందుకు నడుమ గొట్టంలో పలుచటి నూనె పోయాలి, 20 నంబరుది. ఇంట్లో 90 నంబరు గేర్ ఆయిల్ ఉంది. చిక్కటిదైతే ఇంకా మంచిది కదా అని అదే పోశాను. బిగించాక పళ్లెంలో ఒక వాషర్ మిగిలింది. ఎక్కువ ఇచ్చి ఉంటారనుకొని జేబులో వేసుకున్నాను.

స్టార్ట్ చేస్తే వీధంతా నల్లపొగ. ఎక్సలరేటర్ తొక్కితే మూలుగు, వదిలితే ఆగడం. ప్లగ్గులు మసిబారాయి. కొత్త ప్లగ్గులు, కొత్త కాయిల్, కొత్త కండెన్సర్ కొన్నాను. కొత్త ప్లగ్గులూ మసిబారాయి. అంతకుముందు లక్సెట్టిపేట రోడ్డు మీద మాత్రమే ఆగే బండి ఇప్పుడు మా గల్లీ దాటలేదు.

చివరికి ఆ కార్బరేటర్‌ను ఊడదీసి, తుడిచి, టిఫిన్ బాక్సులో పెట్టుకొని కరీంనగర్ బస్సెక్కాను. అక్కడ ఈ పనికి పేరున్న ముసలాయన ఒకరున్నారు, అందరూ ఉస్తాద్ అంటారు. బాక్సు మూత తీయగానే ఆయన మొఖం మారింది.

"ఎవడు సార్ గిట్ల రుద్దింది?"

"మా దగ్గర ఒక మెకానిక్."

"పనోడు గాదు సార్ వాడు. అంట్లగిన్నె తోమినట్టు తోమిండు."

పిస్టన్ అడుగు రంధ్రాలు మూసి, గుమ్మటంలో దూర్చి, తలకిందులు చేసి వదిలాడు. లోపల గాలి తప్పించుకోలేక రెండూ మెల్లగా విడిపోవాలి. ఈ సైజుకు మూడు నుంచి అయిదు సెకన్లు పట్టాలట. నాది వదలడమే ఆలస్యం, టప్పున పడింది. ఆయన తల అడ్డంగా ఊపి, గోలెంలోంచి పాత జత ఒకటి వెతికి తీశాడు. అది నెమ్మదిగా జారింది. అరిగిపోయిన థ్రాటిల్ కడ్డీకి కొత్త ఇత్తడి బుష్షులు వేశాడు, దొంగగాలి పోకుండా. "ఇప్పటి పెట్రోల్ల వందకు ఇరవై వంతులు ఇథనాల్ గలుపుతున్నరు, పాత రబ్బర్లు ఆగయి" అని సీళ్లన్నీ మార్చాడు. జెట్టు నడిమధ్యకు వచ్చేదాకా సూదిని దించుతూ, ఎత్తుతూ, పిస్టన్ పడ్డప్పుడు టక్కుమని లోహం చప్పుడు వినబడేదాకా కూర్చున్నాడు. నేను బడిపిల్లవాడిలా డైరీలో రాసుకున్నాను. మాటమాటకూ "మీ మెకానిక్‌కు చెప్పుండ్రి సార్" అంటున్నాడు. గేర్ ఆయిల్ పొయ్యొద్దని చెప్పుండ్రి. వాషర్ ఏడ పారేసిండో అడుగుండ్రి. జేబులో వాషర్ తగులుతూనే ఉంది. తీసి ఇవ్వలేదు.

"అసలు బండికేమైంది?" అని అడిగినప్పుడు "నల్లపొగ" అన్నాను. ముందున్న రోగం చెబితే కార్బరేటర్ ఎందుకు విప్పారని అడుగుతాడు. ఎవరు విప్పారంటాడు. వైద్యుడి దగ్గర అసలు రోగం దాచి, నేను పెట్టిన రోగానికి మందు తెచ్చుకున్నాను.

బిగించాక ఇంజన్ ఎంత బాగుందంటే, ఆయనకు చూపించి రావాలని కరీంనగర్ బయల్దేరాను. శ్రీరాంపూర్, ఇందారం దాటి గోదావరి వంతెన మీదికి రాగానే దగ్గింది, ఆగింది. వెనక బొగ్గు లారీలు హారన్లు కొడుతున్నాయి. నాకు ఒళ్లుమండింది. ఫోన్ చేసి, నాకన్నా పదేళ్లు పెద్దాయనను "ఇన్ని పైసలు దీసుకొని ఏం జేసినవ్?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆయన గొంతు మారలేదు. ఎంత దూరం పోయాక ఆగుతుంది, ఎప్పటి నుంచి, మళ్లీ ఎట్లా అందుకుంటుంది, అన్నీ అడిగాడు. ఈసారి నిజం చెప్పాను. "పెట్రోల్ మూత దగ్గరికి వోయి, ఫోన్ గాడ వెట్టి తియ్యిండ్రి" అన్నాడు. తాళం తిప్పాను. ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది.

"ఇనబడ్డది సార్. మూతకు గాలాడే రంధ్రం లేదు. పంపు గుంజినకొద్ది ట్యాంకిల గాలి తక్కువైతది, ఆఖరికి పెట్రోల్ అందది. కార్బరేటర్ మంచిగనే ఉండె."

నూనె డబ్బాకు ఒక్క బొక్క పెడితే ధార ఎందుకు ఆగిపోతుంది, రెండోది ఎందుకు పెట్టాలి? ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏటేటా డబ్బా పట్టుకుపోయి చెప్పిన పాఠం. చెప్పలేని పిల్లల్ని బెంచీ ఎక్కించాను కూడా.

"గా మూత ఎవలు వెట్టిన్రు సార్?" అన్నాడు ఉస్తాద్.

"మెకానిక్" అన్నాను.

అవతల కొంచెంసేపు నవ్వు వినబడింది. "వాని చేతికి ఇంకోసారి బండి ఇయ్యకుండ్రి" అని పెట్టేశాడు.

గాలాడే మూత కొని పెట్టాను. ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. కాయిల్, కండెన్సర్, కార్బరేటర్, అన్నింటి ఖర్చూ దండగే. మీ దగ్గర పాత బండి ఉండి, కొంతదూరం పోయి ఆగి, ట్యాంకు మూత తీశాక కదులుతుంటే ముందు ఆ మూత మార్చండి. కార్బరేటర్ జోలికి పోకండి. ఇంట్లో ఎమరీ పేపర్ ఉంటే కిటికీ ఊచలు రుద్దుకోండి.