గడులు నిండినయంత: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: పాత హార్డ్‌డిస్కులోని పెళ్లి ఫొటోలను కొత్త హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, తెర మీద 'పూర్తయింది' అన్న మాటను నమ్మిన ఒక గృహస్థు పలికిన పద్యమిది.

కాపి యయ్యె ననుచు గడులు నిండినయంత
పేరు నొకటె సైజు వేరు కాదు
తెఱచి చూడ బొమ్మ దిగువ సగము బూది
దోషి యెవరొ డిస్కొ తోడి తీగొ

టీక: కాపి + అయ్యెన్ + అనుచు = నకలు తీయడం అయిపోయిందంటూ; గడులు = తెరమీది ఆకుపచ్చ గడులు; నిండిన + అంత = నిండగానే; పేరున్ = ఫైలు పేరు కూడా; ఒకటె = రెండుచోట్లా ఒక్కటే; సైజు = బైట్ల లెక్క; వేరు కాదు = ఒక్క బైటూ తేడా లేదు; తెఱచి చూడన్ = తెరిచి చూస్తే; బొమ్మ = ఫొటోలో; దిగువ సగము = కింది సగం; బూది = బూడిదరంగు; దోషి + ఎవరొ = ఈ పాపం ఎవరిదో; డిస్కొ = హార్డ్‌డిస్కుదో; తోడి తీగొ = దాన్ని అంటిపెట్టుకున్న సాటా కేబులుదో.

తాత్పర్యం: పేరూ సైజూ సరిపోయినంత మాత్రాన ప్రతి సరిపోయినట్టు కాదు. 'పూర్తయింది' అంటే దారిలో ఎవరూ ఫిర్యాదు చేయలేదని మాత్రమే.

శంక: బూడిద కింది సగంలోనే ఎందుకు?
సమాధానం: మామూలు జెపెగ్ ఫొటో పైనుంచి కిందికి గొలుసుకట్టుగా రాసి ఉంటుంది. ఒక సంకేతం ఎక్కడ ముగిసిందో తెలిస్తేనే తరువాతిది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. నడుమ ఒక్క బిట్టు తారుమారైనా అక్కడినుంచి చదువు దారి తప్పవచ్చు. అందుకే గృహస్థు ఫొటోలో పందిరి ఉంది, బాసికాలు ఉన్నాయి, పెళ్లికూతురి నెత్తిన జీలకర్ర బెల్లం పెడుతున్న చెయ్యి మణికట్టు దాకా ఉంది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పవలసిన భాగమంతా బూడిద. సున్నా ఒకటిగా మారినా పొడవు మారదు కనుక సైజు 'వేరు కాదు'.

అలంకారం: సందేహం. అందులోనూ తేలకుండా మిగిలిపోయిన శుద్ధసందేహం. దీన్ని నిశ్చయాంతం చేయడమే వ్యాఖ్యాత పని.

శంక: డిస్కూ కేబులూ తమ తప్పు తాము పట్టుకోలేవా?
సమాధానం: చాలావరకు పట్టుకుంటాయి. డిస్కులో 512 లేదా 4096 బైట్ల సెక్టారు ఒక్కొక్కదానికీ దిద్దుబాటు సంకేతం జత చేసి ఉంటుంది. దిద్దలేకపోతే విండోస్ 'డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని మొహమాటం లేకుండా చెబుతుంది. కేబులు మీద వెళ్లే ప్రతి మూటకూ సీఆర్‌సీ లెక్క ఉంటుంది. తేడా వస్తే మళ్లీ పంపడం జరుగుతుంది. ఆ తప్పుల పద్దు, డిస్కు తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్ పట్టికలో, 199 అన్న సంఖ్య గల వరుసలో ఉంటుంది. కేబులు మార్చినా పాత అంకె తగ్గదు. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఈ సీఆర్‌సీ లెక్క మీద 1961లో వ్యాసం రాసినవారు పీటర్సన్, బ్రౌన్. ఈ బ్రౌను మన సీపీ బ్రౌను కాడు గాని, ప్రతుల్లో తప్పులతో వేగడం ఇద్దరికీ ఉంది.

ధ్వని: మరి కవి ర్యాము పేరెత్తలేదేమి? పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. ఫైలు ఈ డిస్కు నుంచి ఆ డిస్కుకు నేరుగా పోదు, ర్యాములో దిగి వెళుతుంది. ఇళ్లలోని కంప్యూటర్లలో చాలావాటి ర్యాముకు తప్పు పట్టే ఈసీసీ ఏర్పాటు లేదు. అక్కడ బిట్టు చెడితే, ఆ చెడిన పాఠానికే కొత్తగా లెక్క కట్టి కేబులు శ్రద్ధగా మోస్తుంది, డిస్కు పదిలంగా దాస్తుంది. పేరు చెప్పిన ఇద్దరూ తప్పు చేస్తే అరుస్తారు, చెప్పనివాడు నోరెత్తడు.

పాఠాంతరం: 'తోడి కేసొ'. యూఎస్‌బీ కేసులో డిస్కు పెట్టి వాడేవారికి ఈ పాఠమే మేలు. కరెంటు చాలని పోర్టు, 'సేఫ్లీ రిమూవ్' అనకుండా పీకిన తొందర, రెండూ ఇందులో ఇమిడిపోతాయి.

నిర్ణయం: ముందు మాతృకకు షా-256 అనే సరిచూపు లెక్క కట్టాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ ఈ పని చేస్తాయి. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టి ఇంకోసారి కట్టాలి. లేకపోతే డిస్కుకు బదులు ర్యాములో మిగిలిన నకలునే చదివి మురిసిపోతుంది. ఒకే ఫైలుకు రెండు జవాబులొస్తే చదివే దారిలోనే దోషం: కేబులు మార్చి చూడాలి, ర్యామును పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపాలి. మాతృక జవాబు నిలకడగా ఉండి, నకలుకు కట్టిన జవాబు వేరైతే, రాసే దారి మీద విచారణ. స్మార్ట్ పట్టికలో చెడ్డ సెక్టార్లను లెక్కించే 5, 197 సంఖ్యల వరుసల్లో అంకెలు పెరుగుతుంటే డిస్కే ముసలిదైందన్నమాట. అప్పుడు చెక్‌డిస్కుతో దాన్ని తోమకూడదు. డీడీరెస్క్యూతో ముందు ఉన్నది ఉన్నట్టు దించుకోవాలి.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని పాత డిస్కు ఫార్మాట్ చేయకముందు చదివినవారికి సకల ఫైళ్లూ దక్కును. చేసిన తరువాత చదివినవారికి ఇందులో కరుణరసం బాగా పండిందని తెలియును.